ముగ్గురి జేబుల్లో కారు

జూలై పది, గురువారం. మబ్బు, వాన లేదు. హాజరు: నేను, మా ఆవిడ, మా బావమరిది (ఆవిడ తమ్ముడు, బంగారు గనిలో ఎలక్ట్రీషియనుగా చేసినవాడు), పక్కింటాయన (చాంపియన్ రీఫ్స్ గని‌లో మనుషుల్ని షాఫ్టులోకి, అంటే గని నిలువు బావిలోకి, దించి ఎక్కించే వైండింగ్ ఇంజను నడిపినవాడు), పన్నెండేళ్ళ వయసున్న మా తెల్ల కారు.

డైరీలో ఆ రోజు పుట ఇలా మొదలవుతుంది. గని ఆఫీసులో హాజరు గుమాస్తాగా చేరి, గని మూతపడ్డాక ఒక హైస్కూలు ఆఫీసులో మిగతా సర్వీసు చేసినవాణ్ణి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని రాయందే నాకు ఏ పనీ మొదలు కాదు. ఆ రోజు పనిలో కారు కూడా ఉంది కాబట్టి దాన్నీ రాశాను.

మరునాడు పొద్దున మా ఆవిడకు డ్రైవింగ్ పరీక్ష. మూడోసారి. మొదటిసారి ఇండికేటరు వేసి ఆపడం మరిచిపోయి, ఎడమకు తిరుగుతానని చెబుతూనే మైదానమంతా తిరిగింది. రెండోసారి ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించమంటే బండి వెనక్కి జారింది. లెర్నర్ లైసెన్సు గడువు ఆ వారంతో సరి. "రేపు కాకపోతే ఇంగ నేను స్టీరింగు ముట్టను" అని చెప్పేసింది. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. ముట్టను అంటే ముట్టదు. ఒకసారి వంకాయ తినను అన్నది, పంతొమ్మిదేళ్ళయింది.

అరవై రెండేళ్ళ వయసులో ఆమెకు కారు నేర్చుకోవాలని ఎందుకు పుట్టిందంటే, కారణం నేనే. నేను బయలుదేరాలంటే నాలుగు చక్రాల గాలి, ఆయిలు, నీళ్ళు చూసి, కిలోమీటర్ల అంకె రాసి, టైము రాసి, అప్పుడు తాళం తిప్పుతాను. బంగారుపేటలో ఆమె స్నేహితురాలి కోడలికి సీమంతం చేసిన రోజు మేము చేరేసరికి గాజులు తొడగడం అయిపోయి, భోజనాలు అయిపోయి, ఆ ఇంటివాళ్ళు మాకోసం మళ్ళీ ఆకులు కడగడం మొదలుపెట్టారు. తిరుగుదారిలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటి వారమే డ్రైవింగ్ స్కూల్లో చేరింది. అందుచేత ఆమె పాసవ్వాలని ఆమెకెంత ఉందో నాకూ అంతే ఉంది. ఆమె పాసైతే నా నిదానం నాకు, ఆమె తొందర ఆమెకు.

గురువారం మూడున్నరకు చివరి ప్రాక్టీసుకు ఒక చుట్టు తిరిగి ఇంటి ముందు ఆపింది. ఆ చుట్టుకు పక్కన కూర్చున్నది నేనే అయినా, జరిగిన సంగతిని ఆమే పక్కింటాయనకు వినిపించింది.

"మలుపులో ఆవు నిలబడుకోని ఉండాది. హారన్ కొడితే పలకలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి 'జరుగమ్మా' అన్నాను. పాపం, జరిగింది. రేపు ఇన్‌స్పెక్టరు హారన్ కొట్టమంటే అట్లే అరవల్లనా?"

"అరిస్తే ఏమి టీచరమ్మా, మీ గొంతు హారన్ కంటే దూరం పోతాది" అన్నాడు పక్కింటాయన. ఆయన పిల్లలిద్దరూ ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళే.

నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. లైట్లు వెలుగుతున్నాయి, కాబట్టి బ్యాటరీ తప్పు లేదు. ఇంజను పక్కన ఉన్న ఫ్యూజుల పెట్టె తెరిచి హారన్ ఫ్యూజు లాగి చూశాను. లోపలి తీగ తెగిపోయింది. మంచిది వేసి మా ఆవిడను నొక్కమన్నాను. 'ప్' అనే అక్షరం మాత్రం వచ్చింది. కొత్త ఫ్యూజు కూడా పోయింది. అంటే ఎక్కడో తీగ ఒలిచి ఇనుముకు తగులుతోంది. అది వెతకడం నా చేత కాదు. బావమరిదికి ఫోను చేశాను.

అతని ఇల్లు మారికుప్పంలో. బెంగళూరులో ఒక అపార్టుమెంటులో రాత్రి డ్యూటీ, జనరేటరు చూసుకుంటాడు. సాయంత్రం రైలుకు పోవాల్సినవాడు, అక్క పరీక్ష అనేసరికి అరగంటలో టెస్టరు, టేపు పట్టుకుని దిగాడు.

వస్తూనే నన్నూ పక్కింటాయననూ ఎదురుగా నిలబెట్టి ఒక మాట చెప్పాడు. "బావా, గనిలో మొదటి పాఠం ఏమి? మిషన్లో చెయ్యి పెట్టేవాడు దాని ఫ్యూజు పీకి తన జోబిలో పెట్టుకోవల్ల. ఇంగొకడి జోబిలో గాదు. తన జోబిలో. మరిచిపోయి ఎవడన్నా స్విచ్చి వేస్తే చెయ్యి పోతాది."

"చెయ్యి కాదప్పా, తల పోతాది" అన్నాడు పక్కింటాయన. ఆయన తన సర్వీసులో వేలమందిని దించి ఎక్కించాడు, ఒక్కరికీ ఏమీ కాలేదు. ఈ విషయంలో ఆయన మాటకు మా లైనులో, అంటే గనివాళ్ళ ఇళ్ళ వరుసలో, ఎదురు లేదు.

ఆ నియమానికి రెండో సగం ఉంది. ఫ్యూజు పీకినవాడు తన పేరున్న బిళ్ళను ఆ స్విచ్చికి తగిలించాలి. జేబులోది మనకు రక్షణ, బిళ్ళ ఇతరులకు కబురు. మొదటి సగం మా ముగ్గురికీ బాగా గుర్తుంది. ఇంటిముందు బిళ్ళలు లేవు కాబట్టి రెండో సగం ఎవరికీ తట్టలేదు.

తర్వాత జరిగినదాన్ని మేము ఆ సాయంత్రానికి గాని తెలుసుకోలేదు, అయినా ఇక్కడే వరుసగా చెబుతాను. నేను టార్చిలైటు కోసం లోపలికి వెళ్ళినప్పుడు బావమరిది స్టార్టరు రిలే పీకి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. అగ్గిపెట్టెలో సగమంత ఉండే నల్లటి ముక్క అది. అది లేకపోతే తాళం తిప్పినా ఇంజను తిరగదు. అతను మా పెరట్లో చేతులు కడుక్కుంటున్నప్పుడు, పక్కింటాయన ముందు బంపరు కిందికి దూరబోతూ, పెట్రోలు పంపు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. వాళ్ళిద్దరూ రేడియేటరు ఫ్యాను దగ్గర తలలు పెట్టి వెతుకుతుంటే, తాళంచెవి చేతిలో పట్టుకుని మా ఆవిడ సీటు వైపు నడిచింది. ఆమె తిప్పేస్తుందేమోనని, స్పార్కు ఇచ్చే కాయిలు ఫ్యూజు పీకి నా జేబులో వేసుకున్నాను. వాళ్ళు తమ ప్రాణాలను, నేను వాళ్ళ ప్రాణాలను కాపాడాం. ఒకరికొకరం చెప్పుకోలేదు. ఆ పెట్టెలో కంపెనీవాళ్ళే కొన్ని గదులు ఖాళీగా వదిలేస్తారు కనుక, ఇంకో మూడు ఖాళీ అయితే చూసినవాళ్ళకు తేడా కనిపించదు. మూత లోపల బొమ్మ ఉండేది గాని, ఆయిలు మరకల్లో అక్షరాలు ఎప్పుడో పోయాయి.

అసలు రోగం పావుగంటలో దొరికింది. బంపరు వెనక ఎలుక ఒకటి వేరుసెనగ తొక్కలతో కాపురం పెట్టి, హారన్ తీగ మీది రబ్బరును తినేసింది.

"వేరుసెనక్కాయి దొరికిన ఎలుకకు వైరు ఎందుకప్పా?" అన్నాడు పక్కింటాయన కింద పడుకునే.

"నంజుకోవడానికి" అన్నాడు బావమరిది.

తీగకు టేపు చుట్టి, ఇనుముకు తగలకుండా పక్కకు కట్టి, హారన్ ఫ్యూజు వేశాం. మా ఆవిడ నొక్కింది. లైను చివరి ఇంటి కుక్క లేచి నిలబడేంత గట్టిగా పలికింది. అందరం కాఫీ తాగాం. బావమరిది గడియారం చూసుకుని, యూనిఫాం, అన్నం డబ్బా తీసుకోవాలని బస్సెక్కి మారికుప్పం వెళ్ళిపోయాడు. నేను డైరీలో 'హారన్: ఎలుక, సరిచేయడమైనది' అని రాసి గీత గీశాను.

ఆ గీత ఆరకముందే మా ఆవిడ "ఎత్తు మీద ఇంగొకసారి ఆపి చూసుకుంటాను" అని తాళం తిప్పింది. ఏమీ కాలేదు. దగ్గు లేదు, మూలుగు లేదు. మీటరు లైట్లన్నీ వెలిగి మా వంక చూస్తున్నాయి.

"ఏమి చేసినారు మీరు?" అంది.

"హారన్ చేశాం" అన్నాను.

"హారన్ ఒకటే పెట్టుకోని పోనా రేపు? కొట్టుకుంటా నడిచి పోనా?"

నేను మళ్ళీ పద్ధతిలోకి దిగాను. బ్యాటరీ క్లాంపులు బిగించాను. పెట్టెలో ఉన్న ఫ్యూజులన్నిటినీ ఒక్కొక్కటీ పీకి, ఆకాశానికేసి పట్టి తీగ చూసి, తిరిగి పెట్టి, డైరీలో టిక్కు వేశాను. ఉన్నవన్నీ బాగున్నాయి. లేనివాటిని ఆకాశానికేసి పట్టి చూసే పద్ధతి నాకు తెలియదు. డైరీ మొదటినుంచి చదివాను. బావమరిది ఎన్ని గంటలకు వచ్చాడు, పక్కింటాయన ఎంతసేపు కింద పడుకున్నాడు, ఎలుక ఇంట్లో ఎన్ని తొక్కలు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. నేను చేసినది లేదు. యాభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నా, నా గురించి నేను రాసుకోవడం తక్కువ.

"తోసి స్టార్టు చేద్దాము సార్" అన్నాడు పక్కింటాయన. "మన లైనంతా పల్లమే గదా. టీచరమ్మ రెండో గేరులో వేసుకోని కూర్చుంటే, క్లచ్చి వదిలితే పట్టుకుంటాది."

తోసే మనిషి జేబులోనే పెట్రోలు ఉంది, పక్కన తోసే నా జేబులో నిప్పు ఉంది. ఆ బండి సముద్రం దాకా తోసినా పట్టుకోదు.

అయితే పక్కింటాయన దాన్ని మామూలుగా తోయనివ్వలేదు. షాఫ్టులో గంటల సైగలుంటాయి, అవి లేకుండా ఆయన తన జన్మలో ఏ బరువునూ కదిలించలేదు. "అమ్మా, వినండి. ఒక చప్పట కొడితే నిలపల్ల. రెండు కొడితే దించల్ల. మూడు కొడితే లోపల మనుషులుండారని అర్థం."

"లోపల ఉండేది నేనే గదప్పా. నాకు తెలీదా?"

"మీకు తెలుసు. బండికి తెలియల్ల" అని మూడు కొట్టి, తర్వాత రెండు కొట్టాడు.

కారు కదిలింది. ఈలోగా లైను ఇళ్ళవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. మా ఆవిడ గుంట తప్పించి, నీళ్ళ బిందెలు తప్పించి, నిటారుగా కూర్చుని ఎంతో చక్కగా నడుపుకుపోయింది. ఇంజను లేదన్న సంగతి తోసేవాళ్ళకే తెలుసు. ఎదురింటి ముసలావిడకు ముచ్చటేసి ఒక్క చప్పట కొట్టింది. ఒకటంటే నిలపడం. మా ఆవిడ బ్రేకు వేసింది. మేమిద్దరం డిక్కీకి ముఖాలు కొట్టుకున్నాం.

"ఎవరు కొట్టిందీ?" అన్నాడు పక్కింటాయన ముక్కు పట్టుకుని.

"నేనేనప్పా. అమ్మ బాగా తోలుతా ఉండాది గదా అని."

"ఇంగ ఎవరూ సంతోషపడొద్దండి! దిగేదాకా ఎవరూ సంతోషపడొద్దు!"

పల్లం చివరిదాకా వెళ్ళాం. పట్టుకోలేదు. తిరిగి ఎత్తు మీదికి తోయడానికి ఇంకో నలుగురు కలిశారు. ప్రతివాడూ ఒక సలహా ఇచ్చాడు. ఒకాయన కార్బురేటరు కడగమన్నాడు, మా కారుకు కార్బురేటరే లేదు. ఇంకొకాయన దిష్టి తీయమన్నాడు. ఇంటి ముందుకు తెచ్చేసరికి ఆరున్నర. మెకానిక్కులు ఇద్దరికి ఫోను చేశాను. ఒకాయన తిరుపతిలో గుండు చేయించుకుంటున్నాడు, మరొకాయన పొద్దున పదిన్నరకు వస్తానన్నాడు. పరీక్ష తొమ్మిదిన్నరకు.

మా ఆవిడ కారు దిగి మెట్టు మీద కూర్చుంది. కోప్పడలేదు. "పోనీలే. నాకు రాసిపెట్టిలేదు" అంది మెల్లగా. సీమంతం నాటి మౌనం అందులో వినిపించి నాకు చెమట పట్టింది.

నేను తుడుచుకుందామని జేబులోంచి చేతిగుడ్డ లాగాను. దానితోపాటు ఏదో జారి బండల మీద 'టిక్' మంది. చూసి, ఏదో గుండీ అనుకుని వంగి తీసి మళ్ళీ జేబులో వేసుకోబోయాను.

"ఆడ ఆగండి" అంది మా ఆవిడ.

అది తరగతిగదిలో వాడిన గొంతు. నేనూ ఆగాను, పక్కింటాయనా ఆగాడు, సలహాలిచ్చిన నలుగురూ ఆగారు.

"జోబులు ఖాళీ చెయ్యండి. ఇద్దరూ. బానెట్టు మీద పెట్టండి."

పెన్ను, కళ్ళజోడు తుడిచే గుడ్డ, నీలం ఫ్యూజు. ఇవి నావి. పక్కింటాయన వైపు నుంచి వక్కలు, ముక్కుపొడి డబ్బీ, బస్సు టికెట్టు, పసుపు ఫ్యూజు వచ్చాయి. ఆయన ఆ పసుపు ముక్కను వేలితో కదిపి, "ఇది యాడిది?" అని తన్నుతానే అడిగి, "అయ్యో, నాదే" అని తనే చెప్పుకున్నాడు. "తల పెట్టేముందు పీకి పెట్టుకున్నాను టీచరమ్మా. గని అలవాటు."

"గని మూసేసి ఎన్నేండ్లాయె?"

"గని మూసినారు గాని జోబు మూయలేదు గదమ్మా."

రెండు ఫ్యూజులూ వేసి తాళం తిప్పాం. ఇంకా మౌనమే. మా ఆవిడ మా ఇద్దరినీ ఒకసారి చూసి, లెక్కలో మూడోవాడు మిగిలాడని గ్రహించి, తమ్ముడికి ఫోను చేసి అందరికీ వినపడేలా పెట్టింది.

"ఒరే, నీ జోబిలో ఏముండాది?"

"ఎందుకక్కా? పర్సు ఉండాది, సీజను టికెట్టు ఉండాది, బీగాలు..." తర్వాత జేబు తడుముకున్న చప్పుడు వినిపించింది. "అక్కా, రైలు కదులుతా ఉండాది."

"దిగొద్దు! రైలు మన పక్క కోరమండల్ స్టేషన్లో నిలుస్తాది గదా. కిటికీలో చెయ్యి పెట్టు. వీళ్ళు వస్తారు."

పక్కింటాయన స్కూటరు మీద నేను వెనక కూర్చుని స్టేషనుకు పోయాం. దారిలో ఆయన ఒక్కసారీ వేగం పెంచలేదు, ఎవరూ గంట కొట్టలేదు కాబట్టి. రైలు వచ్చి నిలిచింది. ఏ పెట్టె అని అడగడం మరిచిపోయాం. అవసరం రాలేదు. నాలుగో పెట్టె కిటికీలోంచి ఒక చెయ్యి భుజందాకా బయటికి వచ్చి చేతిగుడ్డ ఊపుతోంది. అందులో మూటకట్టి ఉంది రిలే. కింద ప్లాట్‌ఫారం మీద పూలమ్మే ఆమె "ఏమప్పా అది, అంత పదిలంగా ఇస్తా ఉండావు?" అని అడిగింది.

"మా అక్క కారు" అన్నాడు మా బావమరిది.

నేను అందుకున్నాను. రైలు కదిలింది. కిటికీ ఊచలకు ముఖం ఆనించి అతను అరిచాడు. "బావా! జోబిలో వేసుకోవద్దు! చేతిలో పట్టుకోనే పో!"

చేతిలో పట్టుకునే వచ్చాను. అందువల్ల స్కూటరు మీద ఒక్క చేత్తోనే పక్కింటాయనను పట్టుకోవాల్సి వచ్చింది. రిలే వేశాం. మా ఆవిడ తాళం తిప్పింది. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఈసారి లైనంతా చప్పట్లు కొట్టినా ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆమె ఎత్తు దాకా వెళ్ళి, మూడుసార్లు ఆపి, మూడుసార్లు జారకుండా కదిలించి వచ్చింది. ఇంట్లోకి పోయేముందు మా ఇద్దరి జేబులూ మళ్ళీ చూసింది. ఆ రాత్రి నా డైరీ కూడా ఆమె దగ్గరే ఉంది, పొద్దున అంకెలు రాస్తూ ఆలస్యం చేయకుండా.

మరునాడు, శుక్రవారం. పొద్దున తొమ్మిదికే మైదానానికి చేరాం, ఎందుకంటే గాలి చూడనివ్వలేదు. ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చుని ముందు హారన్ అడిగాడు. ఆమె ఎంతసేపు నొక్కిందంటే ఆయన చెవి మూసుకుని "సాకమ్మా, సాకు" అని కన్నడంలో ఆపమన్నాడు. ఎనిమిది అంకె మీద తిరిగింది. ఇండికేటరు వేసింది, తీసింది. ఎత్తు మీద ఆపింది. నేను కంచె బయట నిలబడి వెనక చక్రాన్నే చూస్తున్నాను. కారు ఒక బెత్తెడు కూడా వెనక్కి రాలేదు. ఆయన కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు.

కార్డు చేతికొచ్చేదాకా పక్కన లైసెన్సున్నవాడు ఉండాలని ఆమె పట్టుబట్టింది కాబట్టి నేను ఎక్కాను. మైదానం దాటాక ఇంటి వైపు తిప్పలేదు. బంగారుపేట దారి పట్టింది.

"యాడికి?" అన్నాను.

"తెలీదు. పోయి చూస్తాము."

ఆరు నెలలుగా ఆ ఎడమ సీట్లో కూర్చుంటున్నా, ఎప్పుడూ ఒక చెయ్యి హ్యాండుబ్రేకు మీద, రెండు కళ్ళూ రోడ్డు మీద పెట్టుకున్నవాణ్ణి. ఆ రోజు మొదటిసారి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎండ కంట్లో పడుతుంటే పైనున్న అట్టను కిందికి లాగాను. దాని వెనక ఒక చిన్న అద్దం ఉంది. పన్నెండేళ్ళుగా ఈ కారుకు నీళ్ళు, గాలి, ఆయిలు చూస్తున్నాను, అక్కడ అద్దం ఉన్న సంగతి నాకు తెలియదు. అందులో చూసుకుంటే ముక్కు మీద డిక్కీ మచ్చ ఉంది, తల దువ్వుకోలేదు. మా ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే తన సంచిలోంచి దువ్వెన తీసి ఇవ్వబోయింది.

"రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టు" అన్నాను. దువ్వెన నేనే తీసుకున్నాను.